గనిలేని సీమకు తీరని బొగ్గు ఋణము

*చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో బొగ్గుగని యొక్కటియు లేదు. అయినను ఇచ్చటి కొలిమికి, బోరుబావికి, ఇంటిగోడకు, ఇస్త్రీ బండికి బొగ్గుతో తెగని సంబంధము కలదు. బొగ్గుకాలము ముగియుచున్నదని లోకమంతయు చెప్పుకొనుచున్న యీ దినములలో, ఆ సంబంధము ఎంతవరకు సడలినది? దాని భారము నెవరు మోయుచున్నారు?*

తెల్లవారియు మంచు విడువని వేళ, బాగేపల్లి శివారున, బెంగళూరునుండి హైదరాబాదునకు సాగు పెద్ద రహదారిపై లారీల హోరు ఒకప్రక్కను, చింతచెట్టు క్రింది రేకుల పాకలో కొలిమి బుసలు వేరొకప్రక్కను వినవచ్చుచుండగా, నలుగురైదుగురు రైతులు కొడవళ్ళును పలుగులును మొనలరిగిన కర్రులును ముందు పెట్టుకొని, మోకాళ్ళచుట్టు చేతులు పెనవేసి కూర్చుండియున్నారు. వెనుకటి దినములలో తోలుతిత్తి ఉండెడి చోట ఇప్పుడొక చిన్న కరెంటు మోటారు గాలి నూదుచున్నది. కమ్మరి పటకారుతో కర్రును నిప్పులలో అటునిటు త్రిప్పి చూచి, ముదురెరుపు నారింజవన్నెకు తిరిగినంతనే దాగలిపై పెట్టి, కొడుకువైపు కనుసైగ చేయును. కుఱ్ఱవాడు సమ్మెట ఎత్తును. నాలుగు దెబ్బలలో మొన సాగును. ఐదవ దెబ్బనాటికి వన్నె తగ్గి, కర్రు మరల నిప్పులలోనికి పోవును.

“ఆచారన్నా, ఇంకా ఎంతసేపు? పొద్దెక్కితే కూలోళ్ళు దొరకరు.”

“ఉండప్పా. రాతిబొగ్గు నిన్ననే అయిపాయ. ఈ కట్టెబొగ్గు ఊరికే కాలి బూడిదయిపోతుంది, నిలవదు. నీ ఒక్క కర్రుకే రెండు తట్టలు పోస్తి, చూస్తివి గదా.”

ఆ కట్టెబొగ్గు పొరుగూరి బీడులో సీమజాలి కంపను కాల్చి చేసినది. రాతిబొగ్గన్ననో, ఎన్నో చేతులు మారి, గోనెసంచులలో, ధర పెరిగి వచ్చును. రాతిబొగ్గు అయిపోయినదని కమ్మరి చెప్పెను గాని, ఆయన ప్రక్కనే గిఱ్ఱున తిరుగుచున్న గాలిమోటారులోని కరెంటులో చాలభాగము రాతిబొగ్గే. సంచిలో కనబడని బొగ్గు తీగలోనుండి వచ్చుచున్నది. ఈ సీమలో బొగ్గుకథ యంతయు ఈ పాకలోనే ఇమిడియున్నది.

ముగిసినదా, ముగియలేదా?

2024 సెప్టెంబరు 30వ తేదీన ఇంగ్లండులో రాట్‌క్లిఫ్-ఆన్-సోర్ అను విద్యుత్కేంద్రము మూతపడినది. 1882లో లండను నగరమున హోబర్న్ వంతెనయొద్ద బొగ్గుతో కరెంటు పుట్టించి దీపములు వెలిగించిన ఆ దేశము, నూటనలుబదిరెండేండ్ల పిమ్మట, బొగ్గుతో కరెంటు చేయుట పూర్తిగా మానుకొన్నది. జర్మనీలో రాతిబొగ్గు గనులలో కడపటిది 2018 డిసెంబరులోనే మూతవడెను. ఇవి చదివినవారు బొగ్గునకు కాలము తీరినదనియే తలతురు. కాని 2025 మార్చిలో మన ప్రభుత్వము వేరొక వార్త వినిపించినది: ఒక్క ఆర్థిక సంవత్సరములో దేశము త్రవ్వి తీసిన బొగ్గు నూరుకోట్ల టన్నులు దాటినది. అంత బొగ్గు మన చరిత్రలో అంతకుమునుపు ఏయేటను పైకి రాలేదు.

అదే 2025 నడుమకు వచ్చుసరికి, దేశములోని విద్యుదుత్పాదక సామర్థ్యములో సగము బొగ్గు, చమురు, వాయువులతో సంబంధములేని వనరులదైనది. సామర్థ్యము వేరు, ఉత్పత్తి వేరు. ఎండ పగలే కాయును, గాలి తన యిచ్ఛవచ్చినపుడే వీచును; కావున నిజముగా మన యిండ్లకు చేరు కరెంటులో నేటికిని నూటికి డెబ్బది పాళ్ళ దరిదాపు బొగ్గుదే. 2021లో గ్లాస్గో నగరమున జరిగిన వాతావరణ సమావేశమున, బొగ్గు వాడుకను ‘అంతమొందించుట’ అను మాటను ‘క్రమముగా తగ్గించుట’గా మార్చవలెనని మనదేశము పట్టుపట్టుటకు కారణమిదియే. దీనిని కొందరు మొండితనమనిరి. బాగేపల్లి పాకలో కూర్చున్న రైతునకు పగటికూలి ఎంతయో, అతని బోరుమోటారు ఎన్నిగంటలు నడువవలెనో ఎరిగినవారు ఆ మాట తొందరపడి అనజాలరు.

ఆవిరిబండి నడిచిన త్రోవ

చిక్కబళ్ళాపురము 2007లో ప్రత్యేకజిల్లా యైనది. అంతకుమునుపు ఈ తాలూకాలన్నియు కోలారు జిల్లాలోనివే. ఆ జిల్లా బొగ్గును విడిచిపెట్టుటలో దేశమునకే ముందునడిచినది. కోలారు బంగారుగనులలో నీరు తోడుటకు, మనుష్యులను దింపుటకు, రాయి నలుగగొట్టుటకు ఆవిరియంత్రములుండెడివి. వానికి వంటచెఱకును బొగ్గును దూరమునుండి తేవలసివచ్చెడిది. చుట్టుపట్ల అడవి పలుచబడినది. 1902 జూనులో, దివాను శేషాద్రి అయ్యరు కాలమున తలపెట్టిన శివనసముద్రము జలవిద్యుత్తు, కావేరీ జలపాతమునుండి 92 మైళ్ళు తీగలపై ప్రయాణము చేసి బంగారుగనులకు చేరినది. ఆనాటికి ప్రపంచమున మిక్కిలి దీర్ఘమైన విద్యుత్ మార్గములలో అది యొకటి. బెంగళూరు వీధులలో విద్యుద్దీపములు వెలుగుటకు మూడేండ్లు ముందే కోలారు గనులు ఆ విద్యుత్తుతో నడిచినవి.

రైలుబండ్లు మాత్రము ఆవిరిని అంత త్వరగా విడువలేదు. 1915లో బెంగళూరునుండి చిక్కబళ్ళాపురమునకు సన్నపట్టాల రైలు వచ్చినది. బంగారుపేట, కోలారులనుండి బయలుదేరిన మరియొక సన్నపట్టా చింతామణి, శిడ్లఘట్టలమీదుగా వచ్చి దానిని కలిసికొన్నది. పట్టుగూళ్ళును, వేరుశనగలును, చింతపండును, పెండ్లివారును, కోర్టుపక్షులును ఆ చిన్నబండిలోనే ప్రయాణము చేసిరి. నందికొండ క్రింద ఎత్తుపల్లములు వచ్చినపుడు ఇంజను రొప్పుచు పోయెడిది. కిటికీలోనుండి తల బయటపెట్టిన పిల్లవాని కంటిలో నలుసు పడెడిది. నంది హాల్టులోని ఆ పాత స్టేషను భవనము నేటికిని నిలిచియున్నది. సన్నపట్టాలు పోయి పెద్దపట్టాలు వచ్చినవి. చిక్కబళ్ళాపురము–కోలారు మార్గము 2013లో తిరిగి తెరువబడినది. ఇప్పుడు బెంగళూరునుండి చిక్కబళ్ళాపురమునకు మెమూ బండ్లు కరెంటుతో వచ్చుచున్నవి. పొగ లేదు, నలుసు లేదు. పొగ ఎచ్చటికి పోయినదో మాత్రము విచారింపవలసియున్నది.

> బొగ్గులేక ఇనుము కరగించిన ముద్దేనహళ్ళి ఇంజనీరు
>
> మోక్షగుండం విశ్వేశ్వరయ్య జన్మించిన ముద్దేనహళ్ళి చిక్కబళ్ళాపురమునకు కూతవేటు దూరమున నున్నది. ఆయన పూర్వికులు నేటి ఆంధ్రప్రదేశములోని మోక్షగుండమునుండి వచ్చిన తెలుగువారు. మైసూరు దివానుగా ఆయనకు ఎదురైన చిక్కు ఇది: సంస్థానమున ఇనుపరాయి కావలసినంత యున్నది, బొగ్గు రవంతయు లేదు. ఆయన సంకల్పించిన భద్రావతి ఇనుప కర్మాగారములో 1923లో వెలిగిన బట్టీ, రాతిబొగ్గునకు మారుగా మలెనాడు అడవుల కట్టెబొగ్గుతో నడిచినది. కట్టెను కాల్చునపుడు వచ్చు ఆవిరులనుండి తారును, మద్యసారమును తీయు యంత్రశాలయు దానికి అనుబంధముగా నుండెను. 1950ల ప్రారంభమున విద్యుత్ బట్టీలు వచ్చి చేరినవి. ఆ యినుమునకు అడవి వెలయైనది; అదియు లెక్కలో వ్రాయవలసినదే.

తీగలో ప్రవహించు బొగ్గు

ఈ జిల్లాలో పుట్టని నది లేదందురు: చిత్రావతి, పాపాఘ్ని, ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని అన్నియు నందికొండల చుట్టుపట్లనే తలయెత్తుచున్నవి. కాని ఏడాది పొడవునను పారెడిది ఒక్కటియు లేదు. పుట్టినయింట నీరుంచక పొరుగూళ్ళకు పోవు నదులను నమ్ముకొని సేద్యము చేయుట సాధ్యము గాక, ఇచ్చటి రైతు మొదట చెరువును, పిమ్మట మోటబావిని, కడకు బోరును ఆశ్రయించెను. బోరులు రెండువందల అడుగులనుండి ఐదువందలకు, అందుండి వేయి అడుగులకు, కొన్నియెడల పదునైదు వందలకును దిగినవి. అంతలోతునుండి వచ్చు నీటిలో ఫ్లోరైడు కలసి పండ్లు మచ్చలుపడుట, కీళ్ళు బిగిసికొనుట పల్లెలలో అందరెరిగినదే.

అంతలోతునుండి నీరు పైకి తెచ్చునది కరెంటే. ఒక చిన్న లెక్క చూడుడు. పది హార్స్‌పవరు మోటారు ఏడుగంటలు నడచినచో యాబదియూనిట్లకు మించి కాలును. మన బొగ్గుతో ఒక యూనిటు పుట్టించుటకు ఇంచుమించు అరకిలోకు పైబడి, ఏడువందల గ్రాములకు లోబడి బొగ్గు కావలెను. ఆనాటి కరెంటంతయు బొగ్గుదే అయినచో, ఒక్క టమాటా తోటకు ఒక్కనాటి తడికై ముప్పది ముప్పదియైదు కిలోల బొగ్గు ఎక్కడనో మండినదన్నమాట. మన బొగ్గులో మూడవవంతు, ఒక్కొక్కచో అంతకుమించి, బూడిదయే. కావున పది పండ్రెండు కిలోల బూడిద కూడ ఎక్కడనో మిగిలినది. చింతామణి మార్కెట్టులో టమాటా బుట్టలు దింపుకొను రైతు చేతికి ఆ మసి అంటదు.

ఎక్కడనో అంటిని గాని, ఆ చోటు పేరులేనిది కాదు. కర్ణాటకమున బొగ్గు గనులు లేవు. కృష్ణానది యొడ్డున శక్తినగరములోని రాయచూరు థర్మల్ విద్యుత్కేంద్రము 1985లో తొలి యూనిటుతో మొదలై, నేడు ఎనిమిది యూనిట్లతో 1,720 మెగావాట్ల కేంద్రమైనది. దానికి బొగ్గు చాలవరకు గోదావరి లోయలోని సింగరేణినుండి వచ్చును. తరువాత బళ్ళారిలోను, రాయచూరునకు దాపుననే యరమరసులోను మరి రెండు పెద్ద కేంద్రములు వెలసినవి. రాష్ట్రమున పవన సౌరశక్తులు సమృద్ధిగా పెరిగిన మాట వాస్తవము. జలవిద్యుత్తుతో కూడ కలిపి చూచినచో స్థాపిత సామర్థ్యములో సగమునకు మించి వానిదే. కాని 2023లో వానలు తప్పి, జలాశయములు వట్టిపోయి, పంపుసెట్లన్నియు ఒక్కసారి కరెంటు కోరినపుడు, అక్టోబరు నాటికి రాష్ట్రము చీకట్ల పాలగుట చూచితిమి. ఆ కష్టకాలమున చేయూతనిచ్చినది బొగ్గే. కరవు వచ్చినపుడు నీటికై ఎక్కువ కరెంటు కావలెను. కరవు వచ్చినపుడే జలవిద్యుత్తు తక్కువగును. చెరువులు ఎండిన ప్రతిసారియు ఈ సీమకు బొగ్గు మరింత దగ్గరి చుట్టమగుచున్నది.

రాత్రి రెండవజాములో త్రీఫేజు కరెంటు వచ్చునపుడు, టార్చిలైటు చేతబట్టుకొని, పాములకు జడిసి అడుగు తీసి అడుగు వేయుచు పొలమునకు పోవు రైతును ఈ మూడు తాలూకాలలో ఏ యూరనైనను చూడవచ్చును. భార్య ఇంటి గడపమీద కూర్చుండి, అతడు స్టార్టరు నొక్కిన చప్పుడు వినబడువరకు నిద్రపోదు. అదే జామున మరియొక తెలుగింట మరియొక యిల్లాలు బొగ్గుగనిలో రాత్రిషిఫ్టునకు పోయిన భర్తకై మేలుకొని యుండును. వీరిద్దరి నడుమ వందల మైళ్ళ తీగ యున్నది, ఒకరి నొకరెరుగరు.

బొగ్గుబాయి బ్రతుకులు

భద్రాచలయాత్రకు పోవు బాటసారులు వంటకై నల్లరాళ్ళు పొయ్యికి పేర్చగా, ఆ రాళ్ళే అంటుకొని మండినవని ఇల్లందు ప్రాంతమున చెప్పుకొందురు. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ అను శాస్త్రజ్ఞుడు ఆ ప్రాంతమున బొగ్గు ఉన్నదని గుర్తించెను. సమీపమునున్న సింగరేణి గ్రామము పేరు ఆ బొగ్గునకు నిలిచినది. 1889లో త్రవ్వకము మొదలైన ఇల్లందును పెద్దలు నేటికిని బొగ్గుట్ట అనియే పిలుతురు. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడినది. ఇప్పుడు దానిలో 51 పాళ్ళు తెలంగాణా ప్రభుత్వమునకును, 49 పాళ్ళు కేంద్రమునకును చెందియున్నవి.

బొగ్గు క్షీణించుచున్నదనుటకును, బొగ్గు పని క్షీణించుచున్నదనుటకును ఎంత వ్యత్యాసమున్నదో సింగరేణిని చూచినవారికి తెలియును. 1990 ప్రాంతమున అచ్చట లక్షమందికి పైగా కార్మికులుండగా, వారు ఏడాదికి తీసిన బొగ్గు రెండుకోట్ల టన్నులకు లోపే. ఇప్పుడు కార్మికులు నలుబదివేల దరిదాపు. బొగ్గు ఏడుకోట్ల టన్నుల చుట్టుపట్ల. బొగ్గు మూడింతలకు మించి పెరుగగా, పనివారు సగమునకంటెను తగ్గిపోయిరి. తట్టయు చెమ్మసును పట్టి, వంగిన నడుముతో బొగ్గు నెత్తిన కోల్‌ఫిల్లరుల తరము గతించినది. వారు ‘బాయి’ అని పిలిచిన భూగర్భగనులు ఒక్కటొక్కటిగా మూతపడి, భూమిని పైనుండి తెరచు ఓపెన్‌కాస్టు గనులు వచ్చినవి. అచ్చట పెద్ద యంత్రము ఒక్కసారి నోరు తెరచి ఎత్తు బొగ్గు, వెనుకటి మనుష్యుడు ఎన్నో షిఫ్టులలో నింపినదానికి సాటి వచ్చును. గని ప్రక్క మట్టిగుట్టలు పెరిగినవి. ప్రేలుళ్ళకు గోడలు బీటలు వారినవి. ఊళ్ళే లేచి వేరొకచోటికి పోయినవి.

భూగర్భములోని పని సులభమైనదని ఎవ్వరును అనజాలరు. 2003 జూను 16న గోదావరిఖనిలోని ఏడవ ఎల్‌ఈపీ గనిలోనికి నీరు ముంచుకొనివచ్చి పదునేడుగురు ప్రాణములు గోల్పోయిరి. ఆ పని పోవుట మంచిదే కదా యని దూరమున నున్నవారు అనవచ్చును. కాని ఆ పనియే కొత్తగూడెమును, బెల్లంపల్లిని, మందమర్రిని, రామగుండమును ఊళ్ళుగా నిలిపినది. సంఘములను, సమ్మెలను, పాటలను, దసరానాటి లాభములవాటాను, క్వార్టరు ముందరి వేపచెట్టును వారికిచ్చినది. తండ్రి దిగిన బాయిలోనికి కొడుకు దిగునను నమ్మకముమీదనే పిల్లల చదువులును, పెండ్లిండ్లును, అప్పులును నడచినవి. బెల్లంపల్లివంటి పాతగనుల యూళ్ళలో గనులు మూతపడగా ఆ నమ్మకము ముందుగా సడలినది. బొగ్గు లేక కాదు, మనుష్యుని అక్కర లేక.

> బొగ్గు లెక్కలు కొన్ని
>
> గోదావరి లోయలోని గోండ్వానా బొగ్గు పాతికకోట్ల యేండ్లకు పైబడినది.
>
> మన బొగ్గులో బూడిద ఎక్కువ. ఉక్కు కరగించుటకు పనికివచ్చు కోకింగ్ బొగ్గు తక్కువ. అందుచే విశాఖ ఉక్కునకును, బళ్ళారిసీమలోని తోరణగల్లు ఉక్కునకును విదేశీ బొగ్గు ఓడలపై రావలసియున్నది.
>
> మంచిర్యాల జిల్లా జైపూరులో సింగరేణి సంస్థయే 1,200 మెగావాట్ల విద్యుత్కేంద్రము నడుపుచున్నది. గనులు ముగిసిన భూములలోను, ఖాళీస్థలములలోను అదే సంస్థ సౌరఫలకములు పరచుచున్నది.

బూడిదకు గిరాకి

బొగ్గు కరెంటులో తగ్గినను మరికొన్ని యెడల దానిని తప్పించుట కష్టము. ఇనుపరాయినుండి ప్రాణవాయువును విడదీసి ఇనుము చేయుటకు కోకు కావలెను. సున్నపురాయిని కాల్చి సిమెంటు క్లింకరు చేయుటకు మిక్కుటమైన వేడి కావలెను. ఈ రెండింటికి ఇంకను చవుకయైన ప్రత్యామ్నాయము చేతికందలేదు. గౌరిబిదనూరు తాలూకా తొండేభావిలో క్లింకరును నూరి సిమెంటు చేయు కర్మాగారమున్నది. అంగళ్ళలో పీపీసీ యని అమ్మెడి సిమెంటుబస్తాలో నూటికి పదునైదునుండి ముప్పదియైదు పాళ్ళవరకు థర్మల్ కేంద్రముల బూడిద కలుపుటకు నిబంధన లనుమతించుచున్నవి. చింతామణిలో క్రొత్తగా లేచు ప్రతి మిద్దెయింటి గోడలోను, ఎన్నడో మండిపోయిన బొగ్గు పాలున్నదన్నమాట. ఒకనాడు గాలికెగిరి పైరును కప్పిన బూడిదకు నేడు కొనుగోలుదారు లేర్పడిరి. మంచిదే. కాని బూడిద చెరువుల ప్రక్క పల్లెలలో నీళ్ళకుండమీద మూత తీయుటకు ఇల్లాలు వెనుకాడు దినములింకను పోలేదు.

కట్టెబొగ్గు కథ వేరు. చిక్కబళ్ళాపురము వీధిమూలలలో ఇస్త్రీ బండివారు ఇత్తడి పెట్టెలో నిప్పులు పోసికొని, మూత బిగించి, బూడిద రాల్చుటకు రెండుసార్లు అటునిటు ఊపి, తడిగుడ్డపై ఒకసారి ఆనించి, ఆ చుఱ్ఱుమన్న శబ్దమునుబట్టి వేడి కొలుచుకొని చొక్కామీద పెట్టుట కన్నులపండువుగా నుండును. గ్యాసు ఇస్త్రీపెట్టెలు వచ్చుచున్నవి. పడుచువారు వానికి మారుచున్నారు. ఆ నిప్పులు పుట్టు చోటు బీటిభూములలోని బొగ్గులబట్టీ. కంపను నరికి, పేర్చి, పచ్చి ఆకు కప్పి, మట్టిమెత్తి, చిన్న రంధ్రములు విడిచి నిప్పు పెట్టినపిమ్మట కావలి యుండుటయే పని. మొదట తెల్లని దట్టపుపొగ వచ్చును. అది పలుచనై నీలిరంగునకు తిరిగినపుడు రంధ్రములు మూయవలెను. ఒక్కగడియ ఏమరినచో లోపలిదంతయు బూడిదయే. రాత్రులు బట్టీప్రక్కనే పండుకొను ఆ కుటుంబములలో పిల్లలకు బడి ఎక్కడనుండి వచ్చును?

శిడ్లఘట్ట, చింతామణులలో పట్టుదారము తీయువారికి గూళ్ళనుడికించు వేడినీళ్ళు లేనిది పూట గడువదు. వంటచెఱకు ధర పెరిగిన కొలది, వేరుశనగ పొట్టును రంపపుపొట్టును అదిమి చేసిన కడ్డీలవైపు కొందరు చూచుచున్నారు.

పేడ వెలిగించిన పొయ్యి, ఎండ కిచ్చిన కౌలు

బొగ్గునకు మారు వెదకుటలో బాగేపల్లి పేరు దేశాంతరములలో వినబడిన సందర్భమొకటి యున్నది. 1970ల చివరనుండి ఆ తాలూకాలో చిన్నరైతులను, కూలీలను కూలీసంఘములుగా కూర్చిన ఆడాట్స్ అను సంస్థ, క్యోటో ఒడంబడికక్రింద 2005లో నమోదైన పథకముద్వారా 5,500 కుటుంబములకు గోబరుగ్యాసు తొట్లు కట్టించుటకు పూనుకొన్నది. దూరదేశములలో బొగ్గుపొగ విడిచెడివారు, ఆ పొగకు ప్రాయశ్చిత్తముగా, ఇచ్చట పొగ తగ్గించినవారికి సొమ్ము చెల్లించుట ఆ యేర్పాటులోని కీలకము. తెల్లవారుజామున పేడ కలిపి తొట్టిలో పోసి, గొట్టము మర త్రిప్పగా నీలిమంట లేచిన వంటింట, అంతవరకు జాలికంప ఊది ఊది కన్నులు నీరుగార్చుకొన్న స్త్రీకి కలిగిన సుఖము ఏ ఒడంబడికలోను వ్రాయదగినది కాదు. ముద్ద కెలుకుట మునుపటికంటె త్వరగా ముగిసినది; తొట్టినుండి వెలువడిన ముద్దపేడ రాగిచేనికి ఎరువైనది. పశువులున్నంతవరకే ఈ మంట. కరవునకు మేతలేక గోవును సంతకు తోలిన యింట గొట్టము ఊరక వ్రేలాడును.

ఈ సీమకు వాయవ్యముననున్న పావగడ తాలూకా, తెలుగు నాలుకలమీద ఆడెడి మరియొక కరవుసీమ. అచ్చట తిరుమణి పరిసరములలో పదమూడువేల ఎకరములలో వెలసిన 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ ఉద్యానము 2018లో మొదలై 2019 చివరకు పూర్తియైనది. రైతులు భూమి నమ్మలేదు. ఎకరమునకు ఏటా 21,000 రూపాయల చొప్పున కౌలున కిచ్చిరి. వానకై ఆకాశమువైపు చూచి విసిగినవారికి, అదే ఆకాశమునుండి కురియు ఎండకు వెల దొరకుట సామాన్యమైన మార్పు కాదు. భూమి గలవానికి కౌలు వచ్చినది. ఆ భూములలో కలుపుతీసి, వేరుశనగకాయ కోసి బ్రతికిన భూమిలేని కూలివానికి కౌలు లేదు; ఫలకములు తుడుచు పని, గడ్డికోయు పని, కావలిపని కొందరికి మాత్రమే. బొగ్గు పోయి ఎండ వచ్చినను, లెక్క వ్రాయువారు భూమిలేనివానిని మరచుట మాత్రము పోలేదు.

మూతపడిన గని మనకు తెలిసినదే

ఈ ప్రాంతమువారికి గని మూతపడుట పుస్తకములలో చదివిన విషయము కాదు. కోలారు బంగారుగనులు 2001 ఫిబ్రవరి 28న మూయబడినవి. మూడు కిలోమీటర్లకు పైగా లోతునకు దిగిన గనులను మూయునప్పుడు, పైనున్న మనుష్యులకై సిద్ధపరచిన రెండవ బ్రతుకుతెరువు లేదు. క్వార్టర్లు శిథిలమైనవి, సయనైడు కలిసిన మట్టిదిబ్బలు ఎండకాలమున గాలికెగిరినవి, యువకులు తెల్లవారుజాము రైలెక్కి బెంగళూరునకు కూలికి పోయి చీకటిపడ్డాక తిరిగివచ్చుట ఆ పట్టణపు నిత్యవ్రతమైనది. పాతికేండ్లు గడచినను ఆ రైలు నిండుగానే పోవుచున్నది.

జర్మనీ తన బొగ్గును 2038 నాటికి విడిచిపెట్టవలెనని 2020లో చట్టము చేసికొన్నపుడు, గనుల ప్రాంతములకు నాలుగువేలకోట్ల యూరోలవరకు తోడ్పాటు అదేవేళ ప్రకటించినది. సంపన్నదేశముతో మనకు పోలిక తగదందురు. సొమ్ములో పోలిక తగకపోవచ్చును, వరుసలో తగును. గని మూయకమునుపు మనిషిని తలచుటయే ఆ వరుస.

మనకు సొమ్ము దొరకలేదనియు చెప్పుటకు వీలులేదు. 2010లో కేంద్రప్రభుత్వము శుద్ధమైన ఇంధనముల పేరిట బొగ్గుపై టన్నుకు 50 రూపాయల సుంకము వేసినది. అది 2016 నాటికి 400 రూపాయలైనది. 2017లో జీఎస్టీ వచ్చినపిమ్మట రాష్ట్రముల నష్టపరిహారపు పద్దులో కలిసినది. 2025 సెప్టెంబరులో అది తొలగి, బొగ్గుపై జీఎస్టీ 5 శాతమునుండి 18 శాతమునకు పెరిగినది. ఈ పదునైదేండ్ల మార్పులలో ఏ మలుపునందును, గనికార్మికుని పిల్లవానికి రేపు ఏ పని అన్న ప్రశ్న ఆ సుంకము ఉద్దేశములలో చేరలేదు.

నాకు తోచిన దారి యొకటి చెప్పెదను. సింగరేణి బొగ్గుతో వెలుగు ప్రతి యింట, తెలంగాణములోనైనను కర్ణాటకములోనైనను, యూనిటుకు ఒక్కపైస విడిగా తీసి యుంచవలెను. టన్ను బొగ్గు పదునైదువందల యూనిట్లు ఇచ్చుననుకొన్నచో అది టన్నుకు పదునైదు రూపాయలు. ఏడుకోట్ల టన్నులకు ఏటా నూరుకోట్లకు పైమాట. రాత్రిజామున మోటారు వేయు చిన్నరైతుపై ఈ భారము వేయనక్కరలేదు. అతని వంతు ప్రభుత్వము పెట్టుకొనవచ్చును. ఆ సొమ్ముతో ఇల్లందులోను, బెల్లంపల్లిలోను, గోదావరిఖనిలోను, శక్తినగరపు బూడిదపల్లెలలోను, గనియు బట్టీయు పనిచేయుచున్న కాలముననే, ఇప్పుడు ఎనిమిదవ తరగతి చదువుచున్న పిల్లలకు ఏ విద్య నేర్పవలెనో, ఏ పరిశ్రమ తేవలెనో నిర్ణయించు పని మొదలు పెట్టవలెను. పావగడలోనివలె భూమిలేని కూలివాడు జాబితాకు వెలుపల మిగులకుండ చూడవలెను. ముప్పదియేండ్ల కౌలు వ్రాసికొను కంపెనీలకు ముప్పదియేండ్ల ముందుచూపు చేతనైనపుడు, అది ప్రభుత్వములకు చేతకాకపోదు.